గాలిలోకి పోయిన మందు

నాలుగు వందల ముప్పై ఊదాడే మనవాడు! నాలుగు వందల ముప్పై!

ఇదేం అంకె, ఈయనకి మళ్ళీ పాత ఉద్యోగం పూనిందా ఏమిటి అనుకుంటున్నావు కదూ. చెప్తాను, కాస్త ఓపిక పట్టు. ముందు ఉత్తరాన్ని ఉత్తరంలా మొదలుపెట్టనీ. పురిటి సాయానికని కూతురి దగ్గరికి వెళ్ళి, మనవలిద్దరూ చేతికి రాగానే మొగుణ్ణి మరిచిపోయిన మా ఇంటావిడకి ఆశీస్సులు. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, కవలలిద్దరూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేనూ, మన అబ్బాయీ ఇద్దరం క్షేమం. ఈ ఆఖరి ముక్క కిందటి నాలుగు ఉత్తరాల్లోనూ రాశాను గాని, రాసిన వెంటనే కవరు అంటించేసేవాణ్ణి. ఈసారి రెండుసార్లు చదువుకున్నాను.

ఇక ఆ అంకె సంగతి. ఛాతీ డాక్టరుగారి పక్క గదిలో జానెడు పొడుగు ప్లాస్టిక్ గొట్టం ఒకటుంది. దాని మీద స్కేలులా గీతలు, గీతల మీద చిన్న ఎర్ర ముల్లు. గుండెల నిండా గాలి పీల్చి, పెదాలు బిగించి ఒక్క ఊపున ఊదాలి. ముల్లు ఎంతదాకా పరిగెడితే అంత ఊపిరి ఉన్నట్టు. ఊపిరికి మీటరన్నమాట. రెండు నెలల కింద మనవాడు ఊదితే అది నూట అరవై దగ్గర చతికిలబడింది. ఈవేళ పొద్దున నాలుగు వందల ముప్పై! వాడి వయసుకీ ఎత్తుకీ అయిదు వందల యాభై రావాలట. వస్తుంది, తొందరేముంది? నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టేశాను. నర్సమ్మ నావైపు గుర్రుగా చూసి, "తాతగారూ, అంత హుషారుగా ఉంటే మీరూ ఒకసారి ఊదండి" అంది. ఊదాను. రెండు వందల తొంభై వచ్చింది. మనవాడు ముల్లు చూసి, నన్ను చూసి, "ఈయన్ని చేర్చుకోండి సిస్టర్, నేను రేపొచ్చి చూసిపోతాను" అన్నాడు. అని నవ్వాడే! నోరు తెరిచి, పళ్ళు కనపడేలా! వాడి పై పన్ను ఒకటి కాస్త విరిగి ఉంటుంది చూడు, అది చూసి ఎన్నాళ్ళయిందో అనిపించింది.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తాను. వంటింటి పంపు కారుతూనే ఉంది. కింద గిన్నె పెట్టాను, నిండినప్పుడల్లా మొక్కలకి పోస్తున్నాను. పంపులవాడు మూడుసార్లు వస్తానన్నాడు, మూడుసార్లూ రాలేదు. నీ కళ్ళజోడు దొరికింది, బట్టల బీరువా కింద అరలో శాలువా మడతలో ఉంది. వంట ఎవరు చేస్తున్నారని అడిగావు. నేనే. నవ్వకు. మొదటి రెండు నెలలూ రొట్టె మాడ్చాను, గుడ్డు మాడ్చాను, ఒకరోజు నీళ్ళు కూడా మాడ్చాను, గిన్నె అడుగు పోయింది. మనవాడు వాటిని మాట్లాడకుండా తినేవాడు, లేకపోతే మాట్లాడకుండా వదిలేసేవాడు. నా వంట తిని ఒక్క మాట అనని మనిషి బాగున్నట్టేనా? నాకు అప్పుడే తట్టవలసింది.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా వాడు స్నానానికి వెళ్ళాడని చెప్పేవాణ్ణి. "ఎన్నిసార్లు స్నానం చేస్తాడండీ వాడు, ఏమన్నా చేపపిల్లా?" అని రాశావు. చదివి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఎందుకంటే ఆ రోజుల్లో వాడు వారానికి ఒకసారి కూడా స్నానం చెయ్యలేదు. ఆ గదిలో మంచం అంచున కూర్చుని, ఒక కాలికి మేజోడు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని గంటసేపు అలాగే ఉండేవాడు. నేను తలుపు దగ్గర నిలబడి, "ఫోన్‌లో అమ్మరా" అంటే, "తర్వాత మాట్లాడతానని చెప్పండి" అనేవాడు. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు.

చివర్లో ఒక ప్రశ్న వేశావు. "నిజం చెప్పండి, వాడికేమైంది?" అని. ఆ ఒక్క లైను కింద గీత గీశావు. ఆ గీత చూసి నాలుగు రోజులు ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకున్నాను. ఈవేళ ఆ నవ్వు చూశాక ధైర్యం వచ్చింది. నీ బీపీ మాత్ర వేసుకుని, కూర్చుని చదువు.

నువ్వు బస్సెక్కేటప్పుడు నాకు ఒకే ఒక్క పని అప్పజెప్పావు. "ఆ పీల్చే మందు వాడు రోజూ పీల్చుకుంటున్నాడో లేదో కనిపెట్టి చూడండి" అన్నావు. చిన్నప్పుడు పోయిన ఉబ్బసం ముప్పై ఎనిమిదో ఏట మళ్ళీ పట్టుకోవడం, దుమ్ములో, పొగలో నిలబడలేడని కండక్టరు పని నుంచి దింపి డిపోలో టికెట్ల గదిలో కూర్చోబెట్టడం, ఇవన్నీ నీకు తెలిసినవే. నువ్వెళ్ళాక నేను నీ మాట తుచ తప్పకుండా పాటించాను. ఆ డబ్బా వెనకాల చిన్న కిటికీ ఉంటుంది, అందులో అంకె. కొత్త డబ్బాకి నూట ఇరవై. ఒక్కసారి నొక్కితే ఒకటి తగ్గుతుంది. పొద్దున రెండు, సాయంత్రం రెండు. ముప్పై రెండేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటరు చూసి అంకె రాసుకున్నవాణ్ణి, నాకింతకంటే తేలికైన పని ఏముంటుంది? రోజూ సాయంత్రం కళ్ళజోడు పెట్టుకుని, డబ్బా వెలుతురుకి తిప్పి చూసేవాణ్ణి. నూట పదహారు. నూట పన్నెండు. నూట ఎనిమిది. రోజుకి నాలుగు, ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. భేషుగ్గా పీల్చుకుంటున్నాడని సంబరపడ్డాను.

అయినా ఆయాసం తగ్గలేదు. మెట్లెక్కి వస్తే గుమ్మం దగ్గర చెయ్యి ఆనించి నిలబడిపోయేవాడు. గొంతులో పిల్లికూతలు. డాక్టరుగారు అడిగారు, "మందు సరిగ్గా వాడుతున్నాడా?" నేను ఛాతీ విరుచుకుని, "నేను స్వయంగా రీడింగ్ తీస్తున్నానండీ" అన్నాను. ఆయన ఇంకా బలమైన డబ్బా రాశారు, నొక్కడం మాత్రం రోజుకి నాలుగుసార్లే. నెలన్నర పోయాక మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఆయన వాణ్ణి ఊదడానికి పక్క గదికి పంపించి, నన్ను కూర్చోబెట్టి అడిగారు. "మీ అబ్బాయి నిద్రపోతాడా? తింటాడా? ఎవరితోనైనా మాట్లాడతాడా?" "పనికి బద్ధకం పెరిగిందండీ, అంతే" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి ఒక చీటీ రాశారు. పై అంతస్తులో మనసు డాక్టరమ్మని చూడమని. "ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళలో దిగులు జబ్బు ఉండటం మేం తరచుగా చూస్తూనే ఉంటాం. ఊపిరాడకపోతే దిగులు పెరుగుతుంది. దిగులున్నవాడు మందు మీద శ్రద్ధ పెట్టడు, దాంతో ఊపిరి ఇంకా తగ్గుతుంది. ఒకదానికే మందిస్తే రెండోది దాన్ని నిలవనివ్వదు" అన్నారు.

ఇప్పుడు రాస్తున్నదే అసలు సంగతి. ఆ చీటీ నేను వాడికివ్వలేదు. మనవాడు పక్క గదిలోంచి వచ్చి "ఏమిటి నాన్నా అది?" అంటే, "ఎక్స్‌రేకట, తర్వాత చూద్దాంలే" అన్నాను. మడిచి కళ్ళజోడు పెట్టెలో దాచాను. మనసు డాక్టరు అనగానే నాకు నలుగురి మాటలే గుర్తొచ్చాయి. ఎవరైనా చూస్తే? పిచ్చి అంటే? డిపోలో తెలిస్తే? అల్లుడి వాళ్ళకి తెలిస్తే? నెలన్నర ఆ చీటీ నా జేబులోనే తిరిగింది. రోజూ కళ్ళజోడు తీసినప్పుడల్లా అది వేళ్ళకి తగిలేది. దాన్ని పక్కకి జరిపి, కళ్ళజోడు పెట్టుకుని, డబ్బా మీద అంకె చూసేవాణ్ణి.

తర్వాత ఒక గురువారం మధ్యాహ్నం టికెట్ల గదిలో వాడికి ఊపిరాడలేదు. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు పీల్చే నీలం డబ్బా ఇంట్లో మరిచిపోయాడట. పెదాలు నల్లబడిపోయాయట. అప్పుడే వాడితో పదేళ్ళు పనిచేసిన డ్రైవరు, నువ్వు 'మీసాలబ్బాయి' అంటావే, బస్సు నిండా జనంతో బయల్దేరుతున్నాడు. వాణ్ణి ఎత్తి ముందు సీట్లో పడుకోబెట్టి, దారిలో ఒక్క స్టాపులో కూడా ఆపకుండా నేరుగా ఆసుపత్రి గేటు లోపలికి పోనిచ్చాడు. నేను ఆటోలో పరిగెత్తేసరికి బస్సు అక్కడే ఉంది. జనం దిగలేదే! కూరగాయల సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నారు. ఒకావిడ కిటికీలోంచి, "అబ్బాయికి తెలివొచ్చిందా నాయనా? తెలిశాకే వెళ్తాం" అంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ నాలుగు రోజుల్లో నీకో ఉత్తరం రాశాను. వాడికి జలుబు చేసిందని రాశాను. నన్ను క్షమించమని అడిగే మొహం లేదు, అందుకే అడగట్లేదు.

ఇంటికొచ్చాక మళ్ళీ రీడింగ్ మొదలుపెట్టాను. రోజుకి నాలుగు, లెక్క తప్పలేదు. పది రోజుల తర్వాత పొద్దున్నే పాలకి బయల్దేరి, సంచి మరిచిపోయానని సందు మలుపు నుంచి వెనక్కి వచ్చాను. కింద నుంచి తలెత్తి చూస్తే మన బాల్కనీలో వాడు నిలబడి ఉన్నాడు. చెయ్యి కటకటాల బయటికి చాపి ఉంది. చేతిలో డబ్బా. టుస్సుమని నొక్కాడు. తెల్లటి ఆవిరి ఎండలో ఇంత మేర పోయి కలిసిపోయింది. కాసేపాగి, డబ్బా ఆడించి, మళ్ళీ నొక్కాడు. తర్వాత మూత పెట్టి, చొక్కా అంచుతో తుడిచి, నేను రోజూ చూసే గూట్లో జాగ్రత్తగా పెట్టాడు.

మీటర్లకి అయస్కాంతాలు పెట్టినవాళ్ళని పట్టుకున్నాను నేను. సందులోంచి ఫిల్ము ముక్క దూర్చి చక్రం ఆపినవాళ్ళని పట్టుకున్నాను. ముప్పై రెండేళ్ళలో మీటరు ఆపేవాళ్ళనే చూశాను గాని, వాడకుండా ఊరికే తిప్పేవాడు ఒకడుంటాడని నా బుర్రకి ఎక్కడ తడుతుంది? పైకి ఎలా వెళ్ళానో తెలీదు. కోపంతో ఊగిపోతున్నాను.

"ఏంట్రా నువ్వు చేస్తున్న పని?"

వాడు ఉలిక్కిపడలేదు. "చూశారా" అన్నాడు, అంతే.

"అంత ఖరీదైన మందు గాలికి కొడతావా? మానేస్తే మానెయ్యి, ఈ నాటకం ఎందుకు?"

"మీరు సాయంత్రం అంకె చూస్తారుగా నాన్నా. తగ్గకపోతే దిగులుపడతారు. మొదట్నుంచీ ఇంతే, ఆస్పత్రిలో మీ మొహం చూశాక ఇక మానలేకపోయాను."

"మరి పీల్చుకోవచ్చు కదరా! నొక్కేది ఎలాగూ నొక్కుతున్నావు, నోట్లో పెట్టుకుని నొక్కడానికేం?"

వాడు గూట్లోని డబ్బా వైపు చూశాడు. నన్ను ఎదిరించడానికి కాదు, నిజంగానే జవాబు వెతుకుతున్నట్టు. "పీల్చుకుని ఏం చెయ్యాలి నాన్నా?" అన్నాడు.

నలభై ఏళ్ళు పెంచాం. కోపమంతా ఎటు పోయిందో తెలీదు, నేల మీద కూలబడ్డాను. కళ్ళజోడు పెట్టె తీసి ఆ చీటీ వాడి చేతిలో పెట్టాను. వాడు మడతలు విప్పి చదివాడు. తేదీ చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"దీనికొక పేరుందా?" అన్నాడు. "జబ్బా ఇది? నేను సోమరిపోతుననుకున్నాను. మీరూ అదే అనేవారు కదా."

అన్నానే, అన్నాను. మంచం దిగడానికి వాడికి గంట పడుతుంటే, గుమ్మంలో నిలబడి, వాడి వయసులో నేను ఆరు అంతస్తులెక్కి మీటర్లు చూసేవాణ్ణని ఎన్నిసార్లు దెప్పిపొడిచానో.

ఆ రోజే ఆసుపత్రిలో పై అంతస్తుకి వెళ్ళాం. డాక్టరమ్మ మన వయసు మనిషే, చేతిలో అల్లిక ఊచలుంటే పక్కింటావిడ అనుకుంటావు. అన్నీ సూటిగా అడిగింది. "చావాలని అనిపిస్తోందా?" అని కూడా అడిగేసింది. నేను లేచి బయటికి పోబోతే వాడు నా చొక్కా పట్టుకున్నాడు. "చావాలని లేదు మేడమ్. కాని మందు పీల్చుకునేంత ఇష్టం కూడా లేదు" అన్నాడు. ఆవిడ తలూపి రాసుకుంది, మనం పంపు కారుతోందంటే పంపులవాడు రాసుకున్నట్టు. ఆ తీరు చూస్తే నాకు కాస్త ధైర్యం వచ్చింది. మాత్రలు ఇచ్చింది. పనిచెయ్యడానికి వారాలు పడుతుందని ముందే చెప్పింది, వారానికోసారి వచ్చి మాట్లాడమంది. నా వైపు తిరిగి, "మీరు ఆ రీడింగ్ మానెయ్యండి. మీ అబ్బాయి పీల్చుకునేటప్పుడు పక్కన ఉండండి, చాలు" అంది.

అంకె చూడటం మానెయ్యడం నాకెంత కష్టమో నీకు తెలుసు. రెండు మూడు రోజులు గూడు ముందు నుంచి నడిస్తే చెయ్యి దానంతటదే పోయేది. ఇప్పుడు పొద్దున ఇద్దరం బాల్కనీలో కూర్చుంటాం. వాడు ఊపిరంతా వదిలి, డబ్బా నోట్లో పెట్టుకుని పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబడతాడు. నేను కూడా బిగబడతాను, ఎందుకో మరి. తర్వాత నోరు పుక్కిలించాలట, లేకపోతే నోరు పూస్తుందట. వాడితోపాటు నేనూ పుక్కిలిస్తాను. కింద ఇంటివాళ్ళు ఈ గరగరలేమిటని అడిగారు. మొదటి నెల ఏ మార్పూ లేదు. వాడు మాత్ర మింగడం, నేను వాడి మొహం చూడటం, వాడు "ఇంకా లేదు నాన్నా" అనడం. అయిదో వారంలో ఒకరోజు కూర నోట్లో పెట్టుకుని, "ఇందులో ఉప్పేశారా, లేక ఉప్పులో కూరేశారా?" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

అంతా బాగైపోయిందని రాయను, ఇక నీకు అబద్ధం రాయను. మొన్న మంగళవారం మళ్ళీ రోజంతా లేవలేదు. డాక్టరమ్మ అలాంటి రోజులు ఇంకా వస్తాయంది. చలికాలం ఊపిరికి గడ్డుకాలమని ఛాతీ డాక్టరుగారు అన్నారు. బస్సు ఉద్యోగం తిరిగి ఇస్తారో లేదో తెలీదు. వాడు స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే ఇప్పటికీ తలుపు దగ్గర నిలబడి ఉత్తుత్తినే దగ్గుతాను. "ఉన్నాను నాన్నా" అంటాడు లోపల్నుంచి.

కాని ఈవేళ సంగతి విను. ఆసుపత్రి నుంచి వస్తూ బస్సెక్కాం. వెనక తలుపు దగ్గర నిలబడ్డాం. కొత్త కండక్టరమ్మాయి ముందు ఎక్కడో జనంలో ఇరుక్కుపోయింది. ఎక్కేవాళ్ళు ఎక్కేశారు, బస్సు కదలదు. ఒక్కసారిగా మనవాడు చెయ్యెత్తి బస్సు వెనక రేకు మీద ధన్ ధన్ మని కొట్టి, "రైట్... రైట్!" అని అరిచాడు. ఆ గొంతే! ఒక్క ఊపిరిలో, బస్సు ఈ చివర నుంచి ఆ చివరదాకా! బస్సు కదలకపోగా ఇంజను ఆగింది. డ్రైవరు సీట్లోంచి లేచి వెనక్కి తిరిగాడు. చూస్తే మీసాలబ్బాయి. "ఎవడ్రా అది? మనోడేనా?" అన్నాడు. జనమంతా విసుక్కుంటున్నారు. వీళ్ళిద్దరూ ఆ చివరా ఈ చివరా నిలబడి ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుతున్నారు. "పోనీ అన్నా, పోనీ!" అన్నాడు మనవాడు.

నీకు ఇవన్నీ రాయనా అని వాణ్ణి అడిగే రాస్తున్నాను. "రాయండి. కాస్త కూడా తగ్గించకండి. అమ్మ ఎలాగూ కనిపెడుతుంది" అన్నాడు. నీకు నామీద కోపం వస్తుంది. రావాలి. ఎన్ని తిట్లున్నాయో అన్నీ రాసి పంపు, తీరిగ్గా చదువుకుంటాను. వెంటనే బయల్దేరిపోకు, పిల్లలకి నువ్వు కావాలి. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. వాడే ఎత్తుతాడు.

ఇట్లు,
నీ చేతి వంట కోసం, నీ చేతి తిట్ల కోసం కాచుకున్న
నీ పిల్లల తండ్రి

ఇక దాపరికం వద్దనుకున్నాం, నేనూ వాడూ. ఉబ్బసం ఒక్కటే చెప్పి ఊరుకోకు, రెండూ చెప్పు. ఎవరెవరికి చెప్పాలో రాస్తున్నాను.

మీ పెద్దన్నయ్యకి. "మగాడికి దిగులేమిటి" అని నవ్వుతాడు. ఒకసారి నవ్వనీ. రెండోసారి నవ్వితే నాకు ఫోన్ చెయ్యమను.

మీ చెల్లెలికి. ముందు ఏడుస్తుంది, ఏడుపయ్యాక అసలు విషయం చెప్పు.

మా మేనత్తకి. ఆవిడకి వినపడదు కాబట్టి అరిచి చెప్పాలి, వీధి వీధంతా వింటుంది. విననీ, గట్టిగానే అరిచి చెప్పు.

వియ్యంకుడికీ వియ్యపురాలికీ. నేను అందరికంటే భయపడింది వీళ్ళకే. అందుకని తప్పకుండా చెప్పు.

అమ్మాయికి నువ్వు చెప్పకు. చెల్లెలికి తనే రాస్తానన్నాడు మనవాడు, కాయితం కూడా తీసుకున్నాడు.

మా వదినకి. ఆవిడకీ నువ్వు చెప్పకు, రేపే నేను వెళ్తున్నాను. అన్నయ్య ఆఖరి మూడేళ్ళూ గోడకేసి తిరిగి పడుకుని, రొప్పుతూ కూడా మందు వద్దు పొమ్మంటే, మొండితనం అన్నాం. ఆవిడ సరిగ్గా చూసుకోలేదనీ అన్నాం. అందరికంటే ఎక్కువ అన్నవాణ్ణి నేనే. అది ఆవిడ తప్పు కాదని ఇన్నేళ్ళలో ఒక్కరూ ఆవిడతో అనలేదు. అందరికంటే ముందు ఆవిడకి చెప్పాలి.